మర్పల్లి రైలు మార్గంలో బిద్రీ నలుపు

వికారాబాద్ జంక్షన్ దాటి బీదర్ వైపు మళ్ళే రైలు మార్గం నిజాం ప్రభుత్వ కాలంలో నిర్మితమైనది. ఆ మార్గంలో మర్పల్లి ఒక చిన్న స్టేషను. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడే వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండిన ఈ మండల కేంద్రం పేరు వినగానే ఎవరికీ ఏ చారిత్రక కట్టడమూ, ఏ హస్తకళా గుర్తుకు రాదు. పత్తి చేలు, కంది చేలు, మధ్యమధ్య ఎర్రని మొరం గుట్టలు, అంతే. అయినప్పటికీ ఈ వ్యాసాన్ని మర్పల్లితోనే ప్రారంభించవలసి ఉన్నది. ఎందుకనగా మనం చెప్పుకోబోయే కళకు మూలమైనది మట్టి. ఆ మట్టి రంగు ఈ స్టేషను నుండే కిటికీలో కనబడుతుంది. కోహీర్, మెటల్‌కుంట, జహీరాబాద్ దాటి బండి బీదర్ చేరేదాకా ఆ ఎరుపు మనల్ని విడిచిపెట్టదు.

రాష్ట్రాల సరిహద్దు ఈ దారిలోనే ఎక్కడో దాటిపోతుంది గానీ, ప్రయాణికునికి ఆ సంగతి తెలియదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనిదే. తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. ఈ గ్రామాలన్నీ హైదరాబాదు సంస్థానపు ఒకే ముంగిట మసలినవి. అందుచేతనే నేటికీ పెట్టెలో నాలుగు భాషలు వినిపిస్తాయి. ఒక బామ్మ తెలుగులో మొదలుపెట్టి దక్కనీ ఉర్దూలో ముగిస్తుంది, ఎదుటి వ్యక్తి కన్నడంలో సమాధానమిస్తాడు, ఎవరికీ అది వింతగా తోచదు. మన ప్రాంతపు ముస్లిం కుటుంబాల వియ్యాలు సైతం ఈ రైలు పట్టాల వెంబడే సాగాయి. మర్పల్లి, మోమిన్‌పేట వైపు వారికి బీదర్ పరాయి ఊరు కాదు.

అలాంటి ఇళ్ళలో, ముఖ్యంగా పాత ఇళ్ళలో, నల్లని ఒక పాన్‌దానో, సురాహీయో, ఉగాల్‌దానో అటకమీద మూటకట్టి ఉండడం కద్దు. నల్లని నేలమీద వెండి లతలు పాకిన ఆ వస్తువులే బిద్రీ పనితనపు నమూనాలు. బీదర్ ఊరి పేరే ఆ కళకు పేరైంది. ఒకప్పుడు దక్కను ముస్లిం కుటుంబాలలో వధువు సామాగ్రిలో బిద్రీ వస్తువు ఉండడం ఘనతగా భావించేవారు. జహేజ్ అనే దురాచారం కారణంగా ఎందరు తండ్రులు అప్పులపాలయ్యారో మనకు తెలుసు గనుక ఆ ఆచారాన్ని పొగడడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. అయితే ఆ వస్తువుకు గల గౌరవం వేరు, దాని పేరిట జరిగిన ఆర్భాటం వేరు.

బిద్రీ పుట్టుకను గూర్చి కళాకారుల కుటుంబాలలో తరతరాలుగా ఒక కథనం ఉన్నది. బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ 15వ శతాబ్దం తొలి భాగంలో రాజధానిని గుల్బర్గా నుండి బీదర్‌కు మార్చాడు. ఆయన కాలంలో ఇరాన్ దేశం నుండి విద్వాంసులు, సూఫీలు, వాస్తుశిల్పులు, లోహకారులు అనేకులు దక్కనుకు తరలివచ్చారు. వారిలో అబ్దుల్లా బిన్ కైసర్ అనే కళాకారుడు ఈ విద్యను ఇక్కడి పనివారికి నేర్పాడని ఆ కథనం చెబుతుంది. నేడు ప్రదర్శనశాలలలో మిగిలి ఉన్న పాత బిద్రీ వస్తువులలో అధికభాగం 17వ శతాబ్దమూ, ఆ తర్వాతి కాలానివే గనుక ఈ కథనాన్ని సంప్రదాయంగానే స్వీకరించడం న్యాయం. కానీ ఇరానీ ప్రభావం విషయంలో సందేహానికి తావు లేదు. గీలాన్ నుండి వచ్చిన మంత్రి మహ్మూద్ గవాన్ 1472లో పూర్తిచేయించిన మదరసా నేటికీ ఆ ఊరి నడుమ నిలిచి ఉన్నది. దాని గోడపై మిగిలిన రంగుల పలకలు, ఖుర్‌ఆన్ వాక్యాల లిపి చూసినవారికి బిద్రీ మీది లతల వంశం ఎక్కడిదో వేరుగా చెప్పనవసరం లేదు. ఊరి కింద సొరంగాలుగా సాగే కరేజ్ నీటి కాలువలు కూడా ఆ రాకపోకల ఫలితమే.

ఇక తయారీ విధానం. దీనిని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే దుకాణపు అద్దాల వెనుక మెరిసే వస్తువును చూసి దానికి నల్లరంగు పూశారని అనుకొనేవారే ఎక్కువమంది.

బిద్రీ వస్తువుకు దేహం తుత్తునాగం, అనగా జింకు. పదహారు పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి కలపడం సంప్రదాయం. జింకు ఒక చిత్రమైన లోహం. దాదాపు 420 డిగ్రీల వేడికే కరిగిపోతుంది, దాదాపు 907 డిగ్రీలకు ఆవిరైపోతుంది. ఖనిజం నుండి దానిని విడదీయడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి గనుక, పొయ్యిలో పుట్టిన లోహం పుట్టిన మరుక్షణమే ఆవిరిగా పారిపోతుంది. ఆ ఆవిరిని పట్టి చల్లార్చే విద్యను రాజస్థాన్‌లోని జావర్ గనుల పనివారు శతాబ్దాల కిందటే సాధించారు. బిద్రీ వంటి కళ మన దేశంలో వర్ధిల్లడానికి ఈ లోహజ్ఞానం కూడా ఒక పునాది.

పోత పోయడానికి మెత్తని మట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు తయారుచేస్తారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, ఆరిన తర్వాత పగులగొట్టి తీస్తే బయటపడే వస్తువు ఏ అందమూ లేని బూడిదరంగు ముద్ద. దానిని ఆకురాయితో అరగదీసి నునుపు చేస్తారు. ఇంతవరకు చేసే పని ఒళ్ళు నొప్పించేది, దుమ్ము మింగించేది. చూడవచ్చినవారు దీనిని పట్టించుకోరు. కానీ ఇక్కడ ఒక చిన్న గుంట మిగిలినా రేపు వెండి తీగ అక్కడ నిలవదు.

నునుపైన వస్తువుకు మైలుతుత్తం ద్రావణం రుద్దగానే పైపొర తాత్కాలికంగా నల్లబడుతుంది. ఇది చివరికి మిగిలే నలుపు కాదు, పలకకు మసి పూసినట్టు గీత కనబడడానికి చేసిన ఏర్పాటు మాత్రమే. ఆ నల్లని పలకపై చిత్రకారుడు ఉక్కు మొనతో నమూనా గీస్తాడు. కింద కాగితం లేదు, కొలత దారం లేదు. గుండ్రని సురాహీ మెడ చుట్టూ పాకే తీగ మొదలైన చోటికే వచ్చి సరిగ్గా కలుసుకోవాలి. ఒక పువ్వు ఎక్కువైనా, ఒక ఆకు తక్కువైనా దాచడానికి చోటుండదు. గసగసాల మొక్క, గులాబీ, నక్షత్రం, అష్రఫీ కీ బూటీ అనే నాణెపు పువ్వు ఈ కళలో పాతకాలం నుండి వస్తున్న నమూనాలు. అరబీ లిపిలో పవిత్ర వాక్యాలను రాసే సంప్రదాయం కూడా ఉన్నది.

గీసిన గీత వెంబడి చిన్న చిన్న ఉలులతో గాడి తీస్తారు. ఒక్కొక్క వంపుకు ఒక్కొక్క ఉలి. తర్వాత మేలిమి వెండిని సన్నని తీగగా లాగి ఆ గాడిలో పొదిగి సుత్తితో మెల్లగా కొడతారు. జిగురు లేదు, టంకం లేదు. గాడి అంచులే తీగను కౌగిలించుకొని పట్టుకోవాలి. కల్తీ వెండి గట్టిపడి ఈ పనికి లొంగదు. కేవలం తీగను పొదిగితే దానిని తార్‌కషీ అంటారు. వెండి రేకును పువ్వు ఆకారంలో కత్తిరించి లోతుగా పొదిగితే తహ్‌నిషాన్. పొదిగిన వెండి ఉపరితలం కంటే ఎత్తుగా ఉబికి ఉంటే జర్నిషాన్, మరీ ఎత్తైతే జర్‌బులంద్. రేకునే పైన పరచి నమూనాను నలుపులో విడిచిపెడితే ఆఫ్తాబీ. పేర్లన్నీ ఫార్సీవే. పలికేవారు మాత్రం దక్కనీ యాసలో పలుకుతారు.

పొదగడం పూర్తయిన తర్వాత మళ్ళీ అరగదీసి మెరుగుపెడతారు. ఈ దశలో వస్తువును చూసినవారు నిరాశ చెందుతారు. మైలుతుత్తపు నలుపు పోయింది, తెల్లని జింకు మీద తెల్లని వెండి ఉన్నా లేనట్టే ఉన్నది. నెలల శ్రమ ఎక్కడో మాయమైనట్టు తోస్తుంది. అసలు ఘట్టం అప్పుడే వస్తుంది.

బీదర్ కోటలో పాతబడిన గదులు, సొరంగాల వంటి చోట్ల ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని మట్టి ఉన్నది. ఆ మట్టిని నవాసాగరంతో కలిపి నీళ్ళలో మరిగిస్తారు. వస్తువును కొద్దిగా వేడిచేసి ఆ ద్రావణంలో ముంచి, రుద్దుతారు. చూస్తుండగానే జింకు మిశ్రమం గాఢమైన నలుపుగా మారుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. ఒక్క క్షణం కిందట కనబడని లతలన్నీ తెల్లగా లేచి నిలబడతాయి. చివర కొబ్బరినూనె వంటి నూనెతో తుడిస్తే ఆ నలుపు మరింత లోతుగా కనబడుతుంది. దీని వెనుక మంత్రమేమీ లేదు. పాతగోడల చాటున ఊరిన మట్టిలో సూరేకారం వంటి లవణాలు చేరి ఉంటాయి. అవి, నవాసాగరం కలిసి మిశ్రమం పైపొరను మార్చివేస్తాయి. జింకులో ఆ కొద్దిపాటి రాగి లేకుంటే నలుపు ఇంత గాఢంగా రాదు. పదహారుకు ఒకటి అనే లెక్కను రసాయనశాస్త్రం పుట్టకముందే ఎవరో అనుభవంతో పట్టుకున్నారు. మట్టి పనికివస్తుందో రాదో తేల్చడానికి పాతతరం ఉస్తాదులు దానిని నాలుకపై వేసుకొని రుచి చూస్తారు.

ఇప్పుడు కొరియా మాట. మన పిల్లలకు కొరియా అంటే ఫోన్లు, నాటకాలు, పాటలు. ఆ దేశానికి బిద్రీతో పోలిక ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. అక్కడ ఇప్సా అనే కళ ఉన్నది. ఇనుము లేదా కంచు పాత్రపై గాడి తీసి వెండి తీగ పొదగడమే ఆ కళ. 12వ శతాబ్దపు గోర్యో రాజ్యకాలంలో తయారైన ఒక కంచు నీటిపాత్ర నేడు ఆ దేశపు జాతీయ నిధులలో ఒకటి. దానిపై వెండి తీగలతో నీటి ఒడ్డున చెట్లు, నీటి పక్షులు పొదిగి ఉన్నాయి. మరొక రకం ఇప్సాలో గాడికి బదులు ఇనుప ఉపరితలాన్నంతా ఉలితో అడ్డంగా నిలువుగా గరుకు చేసి, ఆ గరుకుపై వెండిని కొట్టి అతికిస్తారు. ఇది మన దేశంలో కత్తుల పిడులపై చేసే కోఫ్త్‌గరీ పనికి సోదరి. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని చెప్పలేము. లోహమూ, వెండీ, ఓర్పూ ఉన్న మనుషులకు రెండు చోట్లా అదే ఆలోచన వచ్చిందనడం సబబు. అరబ్బు వర్తకులు గోర్యో రాజధానికి 1024లోనూ, 1025లోనూ, 1040లోనూ వచ్చినట్లు ఆ దేశపు చరిత్ర గ్రంథం నమోదు చేసింది. వారు తెచ్చిన సరుకులతో పాటు ఏ పనితనపు కబుర్లు చేరాయో గానీ, సముద్రాలు మనం అనుకున్నంత అడ్డుగోడలు కావు.

కొరియా నుండి మనం నేర్చుకోదగిన అంశం మరొకటి ఉన్నది. యుద్ధంతో నేలమట్టమై, ఆ తర్వాత కర్మాగారాల వెంట పరుగెత్తిన ఆ దేశం 1962లోనే సాంస్కృతిక వారసత్వ రక్షణ చట్టం చేసింది. కట్టడాలతో పాటు చేతి విద్యలను కూడా జాతి సంపదగా గుర్తించింది. ముత్యపు చిప్ప పొదిగే విద్యను 1966లోనూ, ఇప్సా విద్యను 1983లోనూ ఆ జాబితాలో చేర్చింది. ఆ విద్యలో నిష్ణాతుడైన వ్యక్తిని ప్రభుత్వం విద్యాధారకునిగా ప్రకటించి నెలనెలా భృతి ఇస్తుంది. దానికి బదులుగా అతడు శిష్యులను తయారుచేయాలి, ప్రజల ఎదుట పనిచేసి చూపాలి. అక్కడ కూడా యువకులు ముందుకు రావడం లేదన్న చింత లేకపోలేదు. అయినా విద్య ఒక మనిషితో అంతరించిపోకుండా ఒక తాడు కట్టి ఉంచారు.

మన దేశంలోనూ గౌరవాలు ఉన్నాయి. బిద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీ 2023లో పద్మశ్రీ అందుకున్నారు. దశాబ్దాల పాటు చిన్న గదిలో కూర్చొని ఉలిపట్టిన మనిషికి ఆ గౌరవం దక్కడం మనందరికీ సంతోషదాయకం. (మన తాండూరు కందిపప్పుకూ 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకే ప్రాంతపు నేల పప్పుకు రుచినీ, లోహానికి నలుపునూ ఇచ్చిందన్నమాట.) అయితే బిరుదు వేరు, బతుకు వేరు. బిరుదు ఒక్కరికి వస్తుంది. ఆకురాయి పట్టే కుర్రవాడికి, పోతపోసే ముసలివాడికి వచ్చేది వస్తువు లెక్కన కూలి మాత్రమే. వెండి ధర పెరిగినప్పుడల్లా వస్తువు ధర పెరుగుతుంది గానీ, ఆ పెరిగిన దానిలో చేతి వాటా పెరగదు. కొనేవాడు బేరమాడేది కూడా ఆ చేతివాటా దగ్గరే. వెండిని బేరమాడలేడు కదా! పనివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమని బోధించిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుచరులమైన మనం దుకాణంలో నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఈ కళలో ముస్లింలతో పాటు లింగాయతులూ తరతరాలుగా పనిచేస్తున్నారు. పని గది వాతావరణం మతాన్ని అడగదు, ఓర్పును అడుగుతుంది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే భుజించేవారని హదీసు తెలుపుతున్నది. ఆయనకు ఇనుమును మెత్తన చేశామనీ, కవచపు కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించామనీ దివ్య ఖుర్‌ఆన్ సబా సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. కొలతను గూర్చిన ఆ ప్రస్తావన లోహపు పని చేసేవారికి ఎంత ఆత్మీయంగా తోస్తుందో బిద్రీ గాడిని చూస్తే తెలుస్తుంది.

వెండి ప్రస్తావన వచ్చింది గనుక పాఠకులలో, ముఖ్యంగా గృహిణులలో, ఒక ప్రశ్న తలెత్తవచ్చు. వెండి బంగారు పాత్రలలో తినడం, తాగడం హదీసులలో నిషేధింపబడింది కదా, మరి బిద్రీ సంగతేమిటి? వెండి పాత్ర వేరు, వెండి పొదిగిన పాత్ర వేరు. దైవప్రవక్త (స) వారి గిన్నె పగిలినప్పుడు ఆ పగులును వెండితో కలిపినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. వెండి పొదిగిన పాత్రలో, నోరు వెండి ఉన్న చోట తగలకుండా తాగడాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అనుమతించారు. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) దానిని అయిష్టకరంగా భావించారు. మీ మస్లక్ ఉలమాలను అడిగి నడుచుకోవడం మేలు. నిజానికి బిద్రీ విషయంలో ఈ సమస్య అరుదుగానే వస్తుంది. జింకు పులుపును భరించదు గనుక చింతపులుసు, పెరుగు, నిమ్మరసం వంటివి అందులో పోయకూడదు. పూలకుండీ, అత్తర్ డబ్బీ, కలందాన్, గోడకు తగిలించే పళ్ళెం, ఇవే దానికి తగిన రూపాలు. ప్రాణుల బొమ్మలు ఇష్టపడని ఇళ్ళకు లతలూ లిపీ నిండిన వస్తువులు కావలసినన్ని ఉన్నాయి.

ఇంట్లో పాత బిద్రీ వస్తువు ఉన్నవారు మరో సంగతి గమనించాలి. పండుగ ముందు ఇత్తడి బిందెలతో పాటు దీనిని కూడా చింతపండు, బూడిద వేసి తోమేస్తే ఆ నలుపు చెదిరిపోతుంది. తోమిన చేతికి తిరిగి తెప్పించే శక్తి లేదు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఒక బొట్టు కొబ్బరినూనె రాస్తే చాలు. వెండి కాస్త మసకబారినా గుడ్డతో రుద్దితే మెరుస్తుంది. కొత్తది కొనేటప్పుడు వస్తువును చేతిలోకి తీసుకొని బరువు చూడండి, బిద్రీ గుల్లగా ఉండదు. వెండి గీత మీద గోరు పెట్టి చూడండి. అది రంగు గీతైతే పైన పూసినట్టు తెలిసిపోతుంది. పొదిగిన వెండిలో, ఎంత నిపుణుడు చేసినా, ఒక్క చోటనైనా చేతి జాడ ఉంటుంది. అన్ని పువ్వులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించవలసిందే.

పాతకాలపు ఉత్తమ నమూనాలను చూడగోరేవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు. హుక్కా అడుగు కుండలు, అఫ్తాబాలు, పళ్ళేలు అక్కడ విశేషంగా ఉన్నాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు కూడా బిద్రీ వెళ్ళింది. లక్నో, పూర్ణియా వంటి దూరపు పట్టణాలలో సైతం ఒకప్పుడు బిద్రీ కొలుములు మండాయి. నేడు ఈ కళకు ప్రధాన కేంద్రం బీదరే. అందుకు ఆ కోటమట్టి కూడా ఒక కారణం కావచ్చు. ఆ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది, ఆ మట్టి తరగని గనీ కాదు. నలుపు ఇచ్చే మట్టి, గీత గీసే చెయ్యి, ఈ రెండింటిలో ఏది ముందు కొరతపడుతుందో ఇప్పుడే చెప్పలేము.

మర్పల్లి స్టేషనులో ఉదయపు బండి ఎక్కినవారు పిల్లలతో సహా ఒక్క రోజులో ఇదంతా చూసిరావచ్చు. ముందు మహ్మూద్ గవాన్ మదరసా, తర్వాత చౌబారా గోపురం చుట్టుపక్కల బిద్రీ పనివారి గదులు, చివర కోట. పనివారి దగ్గరికి వెళ్ళినప్పుడు తయారైన వస్తువులు చూపమని అడగడం కంటే, మెరుగుపెట్టి ఇంకా నలుపు వేయని వస్తువు చూపమని అడగండి. కోటలో రంగీన్ మహల్‌ను తప్పక చూడాలి. 16వ శతాబ్దంలో అలీ బరీద్ షా అలంకరింపజేసిన ఈ మహలులో నల్లరాతి మీద ముత్యపు చిప్పల పొదుగు ఉన్నది. కొరియా పనివారు నల్లని లక్కపూత మీద అబలోనీ చిప్పలు పొదుగుతారే, సరిగ్గా అదే భావం, ఇక్కడ రాతిలో. ఆ మహలు తలుపు తరచుగా తాళం వేసి ఉంటుంది. కోటలోనే ఉన్న మ్యూజియం సిబ్బందిని మర్యాదగా అడిగితే తెరిచి చూపడం వాడుక. లోపల వెలుతురు తక్కువ గనుక చేతిలో ఒక టార్చి ఉండాలి. వెలుగును నేరుగా కాక పక్కనుండి పడనిస్తే, చిప్పలోని ఆకుపచ్చ, గులాబీ వన్నెలు ఒక్కొక్కటిగా నల్లరాతిలో నుండి బయటికి వస్తాయి.